రాజుగారి నుంచి కోడిపుంజు దాకా

సంక్రాంతి నెల పట్టిందంటే గన్నవరం చుట్టుపక్కల ఊళ్లలో జాతకాలకు గిరాకీ పెరుగుతుంది. ఆ జాతకాలు కోళ్లవి. అంపాపురం, కేసరపల్లి వైపు బరులు సిద్ధమయ్యే రోజుల్లో పందెంరాయుళ్ల చేతుల్లో సెల్‌ఫోన్‌తో పాటు కుక్కుట శాస్త్రం కూడా తిరుగుతుంది. ఏ వారం ఏ నక్షత్రం నడిచే పూట డేగ రంగు పుంజు గెలుస్తుంది, కాకి ఎప్పుడు ఓడుతుంది, నెమలి మీదికి పర్లను ఏ జాములో వదలాలి, పుంజును ఏ దిక్కు నుంచి బరిలోకి దించాలి అన్న లెక్కలన్నీ అందులో ఉంటాయి. పందేలు చట్టరీత్యా నేరమన్న సంగతి మాత్రం ఏ జాములోనూ కనపడదు.

పుంజుకు జాతకమేమిటని నవ్వుకోవచ్చు. కానీ ఆ పుస్తకం రాసినవాడికి ఎదురైన చిక్కు చాలా పాతది. ఆకాశం అందరికీ ఒకటే. దాన్ని ఒక్కడికి, ఒక్క ప్రాణికి ముడిపెట్టాలంటే ముడి ఎక్కడ వేయాలి? మనిషికైతే పుట్టిన వేళ దొరుకుతుంది. గుడ్డు పగిలిన గడియను ఎవరూ రాసిపెట్టరు కాబట్టి పుంజుకు ఈక రంగే ఆధారమైంది. రెండున్నర వేల ఏళ్ల జాతక చరిత్ర దాదాపుగా ఈ ముడి వేసే తంటాల చరిత్రే.

మొదట్లో ఆ తంటా లేదు. మెసొపొటేమియా పండితులు ఆకాశాన్ని చూసింది రాజు కోసం, రాజ్యం కోసం. గ్రహణం పడితే రాజుకు ఏమవుతుంది, శుక్రుడు కనుమరుగైతే పంట ఎలా ఉంటుంది, ఏ దిక్కు నుంచి దండు వస్తుంది లాంటి శకునాలను ‘ఎనూమా అనూ ఎన్లిల్’ పేరుతో సుమారు 70 మట్టిపలకల మీద పోగుచేశారు. అందులో కుమ్మరికీ కాపుకీ విడిగా చోటు లేదు. రాజు బాగుంటే వాళ్లూ బాగుంటారు, అంతే.

క్రీస్తుకు పూర్వం 5వ శతాబ్దంలో బాబిలోను గణకులు సూర్యుడు తిరిగే బాటను 30 డిగ్రీల చొప్పున పన్నెండు సమభాగాలు చేశారు. దాంతో ఏ గ్రహం ఎక్కడుందో అంకెల్లో చెప్పే వీలు కలిగింది. ఆ వెనువెంటనే మామూలు మనుషులు పలకల మీదికి ఎక్కారు. ఇప్పటిదాకా దొరికిన అతి పాత వ్యక్తిగత జాతకాలు క్రీ.పూ. 410 నాటివి. వాటిలో ఒకటి షుమా-ఉసుర్ అనే ఆయన కొడుకుది. తండ్రి పేరు, తాత పేరు, పుట్టిన రోజు, ఆ రోజు చంద్రుడు, గురువు, శుక్రుడు, శని, కుజుడు ఉన్న చోట్లు, బుధుడు కనపడలేదన్న ముక్క, చివర అంతా మంచే జరుగుతుందన్న ధోరణిలో ఒక మాట. ఇలాంటి పలకలు సుమారు ముప్పై దొరికాయి. వాటిలో లగ్నం లేదు, భావాలనే ఇళ్లూ లేవు. అదే రోజు పుట్టిన పొరుగింటి పిల్లవాడికీ గ్రహాలన్నీ ఇంచుమించు ఆ చోట్లలోనే ఉంటాయన్న మాట.

పొరుగింటి పిల్లవాణ్ని విడదీసింది గ్రీకు భాష మాట్లాడే ఈజిప్టు. పుట్టిన క్షణాన తూర్పు దిక్కున ఏ రాశి లేస్తోందో చూడాలన్న ఆలోచన అక్కడ స్థిరపడింది. అదే మన లగ్నం. భూమి ఒకసారి తనచుట్టూ తిరిగేలోగా పన్నెండు రాశులూ తూర్పున పొడుస్తాయి కాబట్టి ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలు. ఇక రోజు తెలిస్తే చాలదు, పూట కూడా తెలియాలి.

ఈ సరంజామా సముద్రం దాటి మన దేశానికి వచ్చిన దారి బాగానే కనిపిస్తుంది. వేదాంగ జ్యోతిషంలో 27 నక్షత్రాలున్నాయి, ఐదేళ్ల యుగం ఉంది. పన్నెండు రాశులు లేవు, వారాలూ లేవు. స్ఫుజిధ్వజుడి ‘యవనజాతకం’ పేరులోనే యవనులు, అంటే గ్రీకులు, ఉన్నారు. దాన్ని 1978లో అచ్చువేసిన డేవిడ్ పింగ్రీ అది క్రీ.శ. 269–70 నాటిదని లెక్కగట్టాడు. నేపాల్‌లో దొరికిన మరో ప్రతిని చూసి 2013లో బిల్ మాక్ ఆ తేదీ నిలవదన్నాడు. తేదీ గొడవ తేలకపోయినా హోర, కేంద్రం, ద్రేక్కాణం గ్రీకు పదాలని ఇద్దరికీ పేచీ లేదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడికి ఈ విషయంలో దాపరికమేమీ లేదు. యవనులు మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం తెలిసినవాళ్లు కనుక ఋషుల్లా పూజలందుకుంటున్నారని ఆయనే రాశాడు. సనాతనమని ఇవాళ గొంతు చించుకునేవాళ్ల కంటే దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి ఆయనకే మనసు విశాలం.

వారాల సంగతి ఇంకా చిత్రం. ఆది, సోమ, మంగళ అనే ఈ వరుస ఎందుకు? ఆకాశంలో నిదానంగా కదిలేవాటి నుంచి వడిగా కదిలేవాటి దాకా పేరిస్తే శని, గురువు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. ఈ వరుసలో గంటకొకరు అధిపతి అనుకోవాలి. శనివారం మొదటి గంట శనిది. ఏడుగురూ మూడుసార్లు తిరిగితే 21 గంటలు. మిగిలిన మూడు గంటలు శని, గురు, కుజులకు పోగా మర్నాటి మొదటి గంట రవికి వస్తుంది. అది ఆదివారం. రవి నుంచి మళ్లీ అలాగే లెక్కిస్తే చంద్రుడు, ఆ తర్వాత కుజుడు. రోజుకు 24 గంటలన్న పద్ధతి లేకుండా ఈ వరుస పుట్టదు, మనకేమో పాత లెక్కలో రోజుకు 60 గడియలు. వారం పేరుతో తేదీ వేసిన మన శాసనాల్లో మొదటిది మధ్యప్రదేశ్‌లోని ఎరణ్‌లో ఉంది. బుధగుప్తుడి కాలం, క్రీ.శ. 484, గురువారం.

లగ్నం వచ్చాక కావలసింది గడియారం. కృష్ణా డెల్టా పల్లెల్లో అది ఎవరింట్లో ఉండేది? అడుగున సన్నని బెజ్జమున్న రాగి గిన్నెను నీళ్లలో వదిలితే 24 నిమిషాలకు మునిగేది. ఆ గడియకుడకను పెళ్లి ముహూర్తానికి తెచ్చిపెట్టేవాళ్లు గానీ చేలో నొప్పులొచ్చిన కూలి మనిషి పక్కన ఎవరు పెడతారు? “కోడి కూసేవేళ”, “పశువులు ఇంటికొచ్చే వేళ”, “దివిసీమ ఉప్పెన ఏడు” అన్నవే చాలామంది పుట్టుక వివరాలు. పెద్దింటి పురిటిగదిలో కూడా తగవు ఉండేది. తల కనపడ్డ క్షణమా, బిడ్డ నేలకు వచ్చిన క్షణమా, ఏది జననం? శిరోదయమనీ భూపతనమనీ సిద్ధాంతులు రెండు జట్లుగా ఉన్నారు.

గోడ గడియారాలు వచ్చాకా చిక్కు తీరలేదు. 1906 జనవరి 1న దేశమంతటికీ ఒకే కాలం అమలులోకి రాకముందు రైళ్లు మద్రాసు టైము మీద నడిచేవి. ఇప్పటి భారత కాలమానానికి ఆధారం తూర్పు రేఖాంశం 82 డిగ్రీల 30 నిమిషాలు. గన్నవరం సుమారు 80 డిగ్రీల 48 నిమిషాల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన గడియారం అసలు స్థానిక కాలం కంటే ఏడు నిమిషాలు ముందుంటుంది. లగ్నానికి అదేమంత కాదు గానీ పదమూడు నిమిషాలకొకటి మారే నవాంశకు ఏడు నిమిషాలంటే సగం. అంతకంటే పెద్ద గండం రెండో ప్రపంచయుద్ధంలో వచ్చింది. 1942 సెప్టెంబరు 1 నుంచి 1945 అక్టోబరు 15 వరకు ప్రభుత్వం దేశంలో గడియారాలను గంట ముందుకు తిప్పించింది. ఆ రోజుల్లో ఉదయం ఆరింటికి పుట్టాడని డైరీలో రాసుకున్న పిల్లవాడు ఇప్పటి లెక్కలో ఐదింటికి పుట్టినట్టు. ఎనభై దాటిన ఆ తరంలో ఎందరి జాతకచక్రాలు ఆ గంటను తీసేసి వేసినవో, ఎందరివి పక్కింటి లగ్నంతో సరిపెట్టుకున్నవో! జరగబోయేది జరగలేదని ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇదొక మంచి కారణం కూడా.

వేళ తెలియని వాళ్ల కోసం నామనక్షత్రం ఉంది. 27 నక్షత్రాలకు నాలుగేసి పాదాలు, మొత్తం 108. ఒక్కో పాదానికి ఒక్కో అక్షరం. చూ, చే, చో, లా అంటే అశ్విని. పుట్టిన నక్షత్రాన్ని బట్టి పేరు పెట్టడానికి ఉద్దేశించిన పట్టిక ఇది. దాన్ని తిరగేసి, పేరును బట్టి నక్షత్రం చెప్పడం మొదలైంది. ఈ లెక్కన ‘వే’ మృగశిర మొదటి పాదం కనుక ఊళ్లోని వెంకటేశ్వరరావులందరిదీ వృషభరాశి. ‘సూ’ శతభిషం నాలుగో పాదం కనుక సుబ్బారావులందరిదీ కుంభం. తిరుపతి మొక్కు పుణ్యాన పేరు వచ్చిందా, తాతగారి పేరు పెట్టారా అన్నది దానికి అక్కర్లేదు.

ఇప్పుడు ఈ ఇద్దరినీ ఉగాది నాడు పంచాంగ శ్రవణానికి తీసుకుపోదాం. వేపపువ్వు పచ్చడి నోట్లో ఉండగానే అందరూ చెవి ఒగ్గేది ఆదాయ వ్యయాల దగ్గర. 2024 ఏప్రిల్ 9న వచ్చిన క్రోధి నామ సంవత్సరంలో వెంకటేశ్వరరావుకు ఆదాయం 2, వ్యయం 8. సుబ్బారావుకు ఆదాయం 14, వ్యయం 14. రూపాయలా, బస్తాలా, ఎకరాలా అని ఎవరూ అడగరు. ఆ అంకెలు ఎక్కణ్నుంచి వచ్చాయన్నది ఇంకా తక్కువమంది అడుగుతారు.

లెక్క ఇది. అష్టోత్తరి దశలో రవికి 6 ఏళ్లు, చంద్రుడికి 15, కుజుడికి 8, బుధుడికి 17, శనికి 10, గురువుకు 19, రాహువుకు 12, శుక్రుడికి 21, మొత్తం 108. ఉగాది ఏ వారం వస్తే ఆ వారాధిపతి ఆ ఏటి రాజు. క్రోధి ఉగాది మంగళవారం వచ్చింది, కాబట్టి రాజు కుజుడు, ఆయన అంకె 8. వృషభానికి అధిపతి శుక్రుడు, 21. రెండూ కలిపితే 29. దాన్ని మూడుతో గుణిస్తే 87. ఐదు కలిపితే 92. పదిహేనుతో భాగిస్తే భాగఫలం 6, శేషం 2. ఆ శేషమే వెంకటేశ్వరరావు ఆదాయం. భాగఫలం 6ను మళ్లీ మూడుతో గుణించి ఐదు కలిపితే 23. పదిహేనుతో భాగిస్తే శేషం 8. అది ఖర్చు. కుంభాధిపతి శని 10తో చేస్తే సుబ్బారావు పద్నాలుగులు రెండూ వస్తాయి. ఆరో తరగతి పిల్లలకు ఇవ్వదగ్గ లెక్క.

పెన్ను పట్టుకుని కాసేపు కూర్చుంటే దీనిలోంచి కొన్ని సరదా సంగతులు రాలతాయి. మూడుతో గుణించి ఐదు కలిపి పదిహేనుతో భాగిస్తే శేషాలు 2, 5, 8, 11, 14 తప్ప మరొకటి రావడం అసాధ్యం. అందుకే ఈ పద్ధతిలో వేసిన పంచాంగంలో ఎవరి ఆదాయమూ 3 ఉండదు, 10 ఉండదు. మేషానికీ వృశ్చికానికీ కుజుడే అధిపతి కనుక ఆ రెండు రాశులకూ ఏటా ఒకే అంకెలు. అలాగే వృషభ తులలు, మిథున కన్యలు, ధనుర్మీనాలు, మకర కుంభాలు జంటలు. కర్కాటకం, సింహం మాత్రమే ఒంటరులు. వారాలు ఏడే కాబట్టి ప్రపంచంలో ఉండగల ఆదాయవ్యయ పట్టికలూ ఏడే. 2018లో విలంబి ఉగాదీ, 2025లో విశ్వావసు ఉగాదీ ఆదివారమే వచ్చాయి. రెండేళ్లకూ పట్టిక ఒక్కటే. నడుమ కరోనా వచ్చి పోయింది, ధరలు మారాయి, అమరావతి ఆగి మళ్లీ కదిలింది. మేషరాశి వాళ్లకు మాత్రం అదే రెండు ఆదాయం, అదే పద్నాలుగు వ్యయం. ఆ ఏడు గ్రహాలు ఆకాశంలో ఎక్కడున్నాయో ఈ లెక్కలో ఎక్కడా అక్కర్లేదన్నది అన్నింటికన్నా గమ్మత్తు. గ్రహాల పేర్లున్నాయి, గ్రహాలు లేవు.

పత్రికల్లో రాశిఫలాలు చిన్న కథ. 1930 ఆగస్టు 24న లండన్ ‘సండే ఎక్స్‌ప్రెస్’ అప్పుడే పుట్టిన రాకుమారి మార్గరెట్ జాతకాన్ని ఆర్.హెచ్. నేలర్ చేత రాయించింది. పాఠకులు ఎగబడ్డారు, శీర్షిక నిలబడింది, ప్రపంచమంతా పాకింది. లగ్నం కోసం నిమిషాలు వెతికిన విద్య అచ్చుయంత్రం దగ్గరికి వచ్చేసరికి పన్నెండు పేరాలకు కుదించుకుపోయింది. 2011 లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్ జనాభాను పన్నెండుకు పంచితే రాశికి 41 లక్షల మంది. వాళ్లందరికీ ఈ వారం బంధువుల రాక ఉంటుంది.

మనవాళ్ల పాత్రా తక్కువేమీ కాదు. ఇంగ్లీషు చదువుకున్నవాళ్లకు జ్యోతిషాన్ని ఇంగ్లీషులో అందించిన ‘ది ఆస్ట్రలాజికల్ మ్యాగజీన్’ను 1895లో మొదలుపెట్టిన బెంగళూరు సూర్యనారాయణరావు శ్రీకాకుళంలో పుట్టినవాడు. 1936లో ఆయన మనవడు బి.వి. రామన్ దాన్ని పునరుద్ధరించగా 2007 దాకా నడిచింది. ఇంగ్లీషు పత్రిక చదివి అమెరికా వెళ్లిన తెలుగువాడికి అక్కడ మరో తికమక. ఏప్రిల్ 10న పుట్టినవాడిది డాలస్ పేపర్లో మేషం. మన పంచాంగంలో ఆనాటికి రవి ఇంకా మీనంలోనే ఉంటాడు. భూమి ఇరుసు బొంగరంలా ఊగడం వల్ల విషువత్తు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. పాశ్చాత్యులు విషువత్తుతో పాటు రాశుల్ని జరిపారు, మనం నక్షత్రాలతో పాటు ఉంచేశాం. తేడా ఇప్పుడు సుమారు 24 డిగ్రీలు. అందుకే పొద్దు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 22 ప్రాంతంలో, మనం ఉత్తరాయణ పుణ్యకాలమని తలంట్లు పోసుకునేది జనవరి 14నో 15నో. మేఘనాద్ సాహా అధ్యక్షతన 1952లో వేసిన పంచాంగ సంస్కరణ సంఘం ఇదంతా విప్పి చెప్పింది. 1957 నుంచి ప్రభుత్వం తరఫున రాష్ట్రీయ పంచాంగం వస్తోంది. పండగలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

భయం అమ్ముడుపోయినంతగా మరేదీ అమ్ముడుపోలేదు. 1962 ఫిబ్రవరి 3 నుంచి 5 దాకా రవి, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని, వాటికి తోడు కేతువు మకరంలో చేరాయి. అష్టగ్రహ కూటమి. లోకం మునుగుతుందన్నారు. దేశమంతటా యజ్ఞాలు, హోమాలు, అఖండ భజనలు. ఫిబ్రవరి 5న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిన మాట నిజమే; అది న్యూగినీ, పసిఫిక్ దీవుల వాళ్లకు కనిపించింది. 6న తెల్లవారింది. మరో రెండు వారాలకు దేశమంతా ఓట్లకు వెళ్లింది. గన్నవరం ఓటర్లు కమ్యూనిస్టు పుచ్చలపల్లి సుందరయ్యను శాసనసభకు పంపారు.

ఇదే కృష్ణా జిల్లాలో, ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం పెట్టి 1947లో దాన్ని బెజవాడ పటమటకు మార్చిన గోరా ఈ విద్యలన్నిటికీ బద్ధశత్రువు. ఆయన పిల్లల పేర్లు చూస్తే నక్షత్ర పాదాలకు అక్షరాలిచ్చే అవకహడ చక్రం వెలవెలబోతుంది. ఉప్పు సత్యాగ్రహపు ఏడు 1930లో పుట్టిన కొడుకు లవణం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన 1939లో పుట్టినవాడు సమరం. తొమ్మిదో సంతానం పేరు నౌ. నక్షత్ర పాదాల చోట వార్తాపత్రికలూ సంఖ్యలూ వచ్చి కూర్చున్నాయి.

నమ్మకం మాట అలా ఉంచి, జాతకం పనిచేస్తుందా లేదా అన్నది తేల్చుకోదగ్గ ప్రశ్నే. పుణెలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, హేతువాది నరేంద్ర దభోల్కర్ తదితరులు 2008లో ఒక పరీక్ష పెట్టారు. చదువులో ముందున్న వంద మందివీ, బుద్ధిమాంద్యం ఉన్న వంద మందివీ జాతకాలు కలిపేశారు. జ్యోతిష్కులకు తలా నలభై ఇచ్చి ఏది ఏ గుంపుదో చెప్పమన్నారు. జవాబులు పంపినవాళ్లు 27 మంది. సగటున 46 శాతం సరిపోయాయి. రూపాయి బిళ్ల ఎగరేస్తే 50 శాతం వచ్చేది. హైదరాబాద్ సీసీఎంబీ వ్యవస్థాపకుడు పుష్పమిత్ర భార్గవ వేరే దారి పట్టాడు. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషాన్ని సైన్సు కోర్సుగా పెట్టాలని 2001లో యూజీసీ తీసుకున్న నిర్ణయంపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లాడు. ఏమి బోధించాలో విద్యానిపుణులే తేల్చుకోవాలని చెప్పి సుప్రీంకోర్టు 2004 మే 5న ఆయన అప్పీలును కొట్టేసింది.

ఈలోగా పురిటిగదిలో క్రమం తారుమారైంది. వెనకటికి బిడ్డ పుట్టాక సిద్ధాంతి దగ్గరికి వెళ్లేవాళ్లు. ఇప్పుడు సిద్ధాంతి చెప్పాక బిడ్డ పుడుతోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. వాటికి కారణాలు చాలా ఉన్నాయి. ముహూర్తం చూసి కోత పెట్టించుకోవడం అందులో ఒకటని తెలంగాణ ప్రభుత్వమే బహిరంగంగా చెప్పి, మానుకోమని బతిమాలింది. నెలలు పూర్తిగా నిండకుండా, మంచి లగ్నం దాటిపోతుందని ముందే బయటికి తీస్తే బిడ్డ ఊపిరితిత్తులకు ముప్పు ఉంటుంది. ఆ ముప్పు ఏ చక్రంలోనూ కనిపించదు.

ఒకే ముహూర్తానికి ఒకే నగరంలో పలు ఆపరేషన్ థియేటర్లలో పుట్టిన ఈ పిల్లలకు లగ్నం ఒకటే, నక్షత్రం ఒకటే, దశలూ ఒకటే. ఇలాంటి వాళ్లను లండన్‌లో ముందే చూశారు. 1958 మార్చి 3–9 వారంలో అక్కడ నిమిషాల తేడాతో పుట్టిన రెండు వేల పైచిలుకు మందిని ఒక ఆరోగ్య అధ్యయనం ఏళ్ల తరబడి వెంటాడింది. ఎత్తు, బరువు, చదువు, పెళ్లి, ఆందోళన, లెక్కల్లో ప్రజ్ఞ వంటి నూటికి పైగా అంశాలు నమోదయ్యాయి. ఆ వివరాలు తిరగేసిన పరిశోధకులు జెఫ్రీ డీన్, ఐవన్ కెల్లీలు ఒకే వేళ పుట్టినవాళ్ల మధ్య ప్రత్యేకమైన పోలిక ఏదీ కనపడలేదని 2003లో ప్రచురించారు. విజయవాడ ముహూర్తపు పిల్లలూ ఇంటర్మీడియట్‌కు వస్తారు. కోచింగుల జోరు చూస్తే వాళ్ల మార్కులన్నీ ఎక్కడో ఒకచోట నమోదవుతూనే ఉంటాయి.